బోసిమెడ కోళ్ళు

మా అత్తమ్మ గంగమ్మ ఏడవడం నేను ఒక్కసారే చూశాను. అదీ కోళ్ళ కోసం. మామయ్య పోయిన రోజు కూడా వచ్చిన చుట్టాలకు నీళ్ళందించి, టెంటు వేసేవాళ్ళ మీద కేకలేసి, ఎవరి ముందూ కన్ను తడి చేసుకోని మనిషి ఆవిడ. అలాంటిది మొన్నటి ఎండాకాలం పెరటి గడప మీద కూలబడి, చచ్చిన పుంజును ఒళ్ళో పెట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను వంటింట్లోంచి చూసి, చూడనట్టు లోపలికి జరిగాను. చూశానని తెలిస్తే నన్ను బతకనిస్తుందా?

మామూలు కోళ్ళయితే ఇంత కథే లేదు. అత్తమ్మ తల్లిగారిది బీదర్ అవతల. పెళ్ళయి న్యాల్‌కల్ దారిలో ఉన్న మా ఊరికి వచ్చినప్పుడు బట్టల మూటతో పాటు గంపలో ఒక పుంజునూ రెండు పెట్టల్నీ తెచ్చుకుందట. వాటి మెడకు ఈకలుండవు. నల్లటి ఒళ్ళు, దాని మీద ఎర్రటి బోసిమెడ. ఎంత ఎండ కాసినా నోరు తెరిచి రొప్పవు, చేలల్లో పడి తిరిగి వాటి తిండి అవే చూసుకుంటాయి. కాపురానికి వచ్చిన కొత్తలో నేను వాటిని చూసి, "వీటికి మందేమన్న ఏస్తున్రా అత్తమ్మా?" అని అడిగాను. ఆ ముక్క ఊరంతా తిరిగి, నెలరోజుల పాటు నన్ను చూసినవాళ్ళంతా కోళ్ళ డాక్టరమ్మా అని పిలిచారు.

చుట్టుపక్కల ఏ ఊళ్ళో బోసిమెడ కోడి కనబడినా దాన్ని గంగమ్మ కోడి అనే అంటారు. ఎందుకంటే పొదుగుకు గుడ్లు కావాలని వచ్చినవాళ్ళకు అత్తమ్మ లేదనదు. కూరకు కావాలంటే అమ్ముతుంది, బేరం కూడా గట్టిగానే ఆడుతుంది. పొదుగుకు అంటే మాత్రం పైసా ముట్టదు. వచ్చిన ఆడమనిషి కొంగు పట్టాలి, ఈవిడ చేతికొచ్చినన్ని తీసి అందులో పెట్టాలి, ఇద్దరిలో ఎవరూ లెక్కపెట్టకూడదు. లెక్కపెడితే గుడ్లు మురుగుతాయని ఆవిడ నమ్మకం. పొదిగే కోడి లేదంటే కోడిని కూడా గంపతో సహా అరువిచ్చి పంపుతుంది.

ఆ ఎండాకాలం కొక్కెర రోగం వచ్చి పడింది. పొద్దున బాగున్న కోడి సాయంత్రానికి మెడ తిరిగి పడిపోయేది. నేను పశువుల దవాఖానకు పోయి టీకా మందు తెచ్చేసరికి, వేయడానికి కోడి లేదు. మా ఆయన మాణిక్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో డ్యూటీకి సెలవు పెట్టి, అల్లం చేను గట్టున గుంత తవ్వి, సున్నం చల్లి అన్నిటినీ పూడ్చాడు.

ఆ తర్వాత అత్తమ్మ పొద్దున్నే లేచి, గుప్పిట్లో జొన్నలు తీసుకుని పెరటి తలుపు దాకా పోయేది. అక్కడ ఆగి, గుర్తొచ్చి, మళ్ళీ తెచ్చి డబ్బాలో పోసేది. ఒకరోజు రొట్టె కొడుతూ, ఎవరితోనో అన్నట్టు అంది.

"మా అమ్మ ఇచ్చినయన్ని ఒక్కొక్కటే పోయినయి. గీ కోళ్ళు ఒక్కటే మిగిలినయి అనుకున్న. గవి గూడ నా చేతులనే పోయినయి."

ఎలాగైనా సరే ఈ జాతిని మళ్ళీ మా పెరట్లో తిరిగేట్టు చేయాలని అప్పుడే అనుకున్నాను. అనుకుంటే ఊరుకునే రకం కాదు నేను.

పెరడంతా సున్నం కొట్టించి, కొన్ని వారాలు ఎండకు ఎండనిచ్చాం. ఒకరోజు చిరాగ్‌పల్లి నుంచి గ్లోరీ అక్క నెత్తిన గంపతో వచ్చింది. ఆమె అక్కడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. చలికాలంలో మా ముసలి పెట్టను పొదుగుకు అరువు తీసుకుపోయి, ఇదిగో తెస్తా అదిగో తెస్తా అంటూ ఇన్నాళ్ళూ తేలేదు. ఆ బద్ధకమే దాన్ని బతికించింది.

"పెద్దమ్మా, నీ కోడిని తెచ్చిన. మల్ల పొదుగు కూసుంటనని నా పానం తీస్తుంది," అంది గంప దించుతూ.

అత్తమ్మ కోడిని తీసుకుని దాని రెక్కల కిందా, కాళ్ళూ తడిమి చూసింది. గ్లోరీ అక్కకు చాయ్ రెండుసార్లు పోసింది.

కానీ ముసలిది ఒక్కతే ఏం చేస్తుంది? పుంజు లేదు, దానికి గుడ్లు పెట్టే వయసూ దాటింది. ఖాళీ గంపలో ఊక మీద కూర్చుని, దగ్గరికి పోతే బుస్సుమనేది. గ్లోరీ అక్క వెళ్ళగానే నేను అందుకున్నాను.

"అక్కోళ్ళ పెరట్ల తిరిగేటియన్ని మన కోళ్ళే గద అత్తమ్మా. గుడ్లు అడుగుదం."

"ఏందీ? ఇచ్చినింటికి పోయి నేను కొంగు పట్టాల్నా? మల్ల అడగనీకెనే అప్పుడు ఇచ్చిందనుకోరా?"

"ఆ రోగం చిరాగ్‌పల్లికి పోతె అవి గూడ ఉండయి. అప్పుడు ఎవల్ని అడుగుతవ్?"

"ఉండకుంటె ఉండయి. పో, పొయ్యి మీద పప్పు మాడుతుంది జూస్కో."

పప్పు మాడలేదు. దింపి గంటయింది. ఆవిడకు మాట తోచకపోతే పొయ్యి మీదికి పోతుందని నాకు తెలుసు.

మర్నాడు జహీరాబాద్‌లో పనుందని చెప్పి, చిరాగ్‌పల్లి దాకా పోయాను. గ్లోరీ అక్క కుట్టుమిషను ఆపి నా మొహం చూసింది.

"పెద్దమ్మ అడగమన్నదా?"

"ఆమె అడుగుతదా అక్కా? నేనే వచ్చిన. ఆమెకు తెల్వది."

గ్లోరీ అక్క లేచి చేతులు కడుక్కుంది. "నేను ఈ ఊరికి వచ్చిన కొత్తల నా చేతుల ఏం లేకుండె. మీ అత్తమ్మ గుడ్లిచ్చింది, కోడినిచ్చింది. కోడిపిల్లలైనంక రెండు తీస్కపోతె, ఇంత మొఖం చేసుకోని తిరగగొట్టింది. ఇయ్యాల్టి దాక ఆ ఇంటికి ఒక్క గుడ్డు తిరిగి ఇయ్యనియ్యలే." గుడ్ల గంప ముందు పెట్టుకుని నా వైపు తిరిగింది. "ఊకె జూస్తున్నవేంది, కొంగు పట్టు."

నేను చుడీదార్‌లో పోయాను. ఆ మాటంటే, చున్నీ అయినా సరే పట్టమంది. పట్టాను. లెక్కపెట్టకుండా ఉండాలని ఆమె పెడుతున్నంతసేపూ గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. అంతటితో ఊరుకుందా? ఎదురింటి యాదమ్మకు, పక్క వీధివాళ్ళకు, బోసిమెడ కోడి ఉన్న ప్రతి ఇంటికీ కబురు పంపింది. సాయంత్రం నేను బస్సెక్కేసరికి నా ఒళ్ళో స్టీలు క్యాను నిండా జొన్నలూ, జొన్నల్లో గుడ్లూ. బస్సు ఎగిరిన ప్రతిసారీ నా గుండె కూడా ఎగిరింది.

ఇంట్లో ఆ క్యాను దాచడానికి చోటెక్కడ? అత్తమ్మ మూత తీసి చూసింది. నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఒక్క తిట్టు కూడా రాలేదు, దానికే ఎక్కువ భయమేసింది. ఆవిడ నేల మీద కూర్చుని, ఒక్కో గుడ్డునూ అరచేతిలో తూచి, చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపి, నచ్చిన వాటిని ఒళ్ళోకి తీసుకుంది. లేచి వెళ్ళి ముసలిదాని కింద సర్దింది. వస్తూ వస్తూ అంది.

"గవి నా కోడికి. మిగిలినయి నీ డబ్బాల పెట్టుకో."

డబ్బా అంటే నా ఇంక్యుబేటర్. ముసలిది ఎన్నని కప్పుతుంది? అందుకే అంతకుముందే మందుల షాపువాళ్ళు పారేసే థర్మోకోల్ పెట్టె తెచ్చి, ఫోన్లో చూసి తయారు చేశాను. లోపల ఒక బల్బు, పాత కంప్యూటర్‌లోంచి తీసిన చిన్న ఫ్యాను, గిన్నెలో నీళ్ళు, వేడి ఎక్కువైతే బల్బు ఆర్పేసి తగ్గితే వెలిగించే స్విచ్చి. వైర్లు కలపడం మాత్రం మాణిక్ చేశాడు. అత్తమ్మ నడింట్లోంచి వెళ్ళేటప్పుడల్లా దాని చుట్టూ తిరిగి పోయేది, కుక్క పడుకుంటే తప్పుకుపోయినట్టు.

కోడి తన కాళ్ళతో గుడ్లను తిప్పుకుంటుంది. డబ్బాలో మనమే తిప్పాలి, లేకపోతే లోపలి పిల్ల పెంకుకు అతుక్కుపోతుంది. అందుకని గుడ్డుకు ఒక వైపు పెన్సిలుతో గుర్తు పెట్టుకుని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తిప్పేదాన్ని. నాలుగు రోజులయ్యాక ఏదో తేడా కొట్టింది. మధ్యాహ్నం కిందికి పెట్టిన గుర్తు సాయంత్రం నేను వచ్చేసరికి మళ్ళీ పైనే ఉంటోంది. తిప్పానా, తిప్పాననుకున్నానా? నాకే మతి పోతోందనుకున్నాను. మాణిక్‌ను అడిగితే, "నీ డబ్బా జోలికి నేనెందుకు పోత? ముట్టుకుంటె చెయ్యి ఇరగ్గొడ్తవ్," అన్నాడు.

ఒక మధ్యాహ్నం పిండి గిర్నీకని బయలుదేరి, సంచీ మరిచిపోయి వెనక్కి వచ్చాను. నడింట్లో అత్తమ్మ డబ్బా ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. రెండు అరచేతులూ రుద్దుకుని, మూత తీసి, నేను అప్పుడే తిప్పి వెళ్ళిన గుడ్లను ఒక్కొక్కటే తిప్పుతోంది. తిప్పుతూ గొంతులోనే, కోడి తన పిల్లలతో అన్నట్టు, క్కొ క్కొ క్కొ అంటోంది.

"ఫికర్ చెయ్యకుండ్రి," అంది గుడ్లతో. "మీ అమ్మ గా బల్బు గాదు. బైటికి రాండ్రి, నేనున్న."

నేను చప్పుడు కాకుండా గుమ్మం దాటి వెనక్కి వచ్చేశాను. ఎండలో చేతిలో జొన్నల గిన్నెతో నిలబడి, ఈవిడ కోడలినైనందుకు నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. కోపమూ వచ్చింది, అది వేరే సంగతి. ఇన్నాళ్ళూ నేను తిప్పింది ఆవిడ, ఆవిడ తిప్పింది నేను మళ్ళీ మొదటికే తెచ్చాం. నాకు మరుపెక్కువని ఆవిడ నమ్మకం, ఆవిడకు డబ్బా అంటే పడదని నా నమ్మకం. గుడ్లు మాత్రం ఒకే పక్క మీద పడుకుని ఉన్నాయి.

ఆ రాత్రి అన్నాల దగ్గర మాణిక్‌తో, ఆవిడకు వినబడేలా అన్నాను. "రేపటి సంది నేను పొద్దునొక్కసారే తిప్పుత. తర్వాత నాకు తీరది. ఎవలన్న తిప్పితె తిప్పుతరు, లేకుంటె లేదు."

అత్తమ్మ పైకప్పు వైపు చూసింది. "ఎవలు తిప్పుతరు? అందరు పనిలేక కూసున్నరా?" అంది. మర్నాటి నుంచి గుర్తులు ఒక్కసారీ తప్పలేదు.

వారం దాటాక తలుపు మూసి, ఫోను లైటు మీద గుడ్డు పెట్టి చూశాను. కొన్ని వట్టివి. కొన్నింట్లో సన్నటి ఎర్రటి నరాలు, మధ్యలో నల్లటి చుక్క. అత్తమ్మను పిలిచి చూపించాను. ఎన్ని వందల గుడ్లు పొదిగించిందో గానీ, గుడ్డు లోపల పిల్లను ఆవిడ చూడటం అదే మొదటిసారి. చాలాసేపు చూసింది.

"మెదులుతుంది," అంది. ఇంకొకటి చూపించమంది. అలా అన్నీ చూపించేదాకా వదల్లేదు.

పిల్లలు ఇవాళో రేపో బయటికొస్తాయనగా తొలి వాన పడింది. వాన అంటే అలాంటిలాంటి వాన కాదు. పొద్దున్నే ఒక ఉరుముకు ఊరి ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయింది. లైన్‌మన్‌కు ఫోను చేస్తే, సాయంత్రమైనా కావచ్చు, రేపైనా కావచ్చు అన్నాడు. డబ్బాలో బల్బు ఆరిపోయింది. నేను మూత మీద దుప్పట్లు కప్పాను. లోపల చెయ్యి పెడితే వేడి తగ్గుతూ ఉంది. ఇంత చేసి, చివరికి ఇలా పోతాయా?

"వేడినీళ్ళ సీసాలు పెడుదమా అత్తమ్మా?"

"పెట్టంగనే ఉడుకుతయి, తిరిగి చూసేవరకు సల్లవడతయి. గుడ్లు ఉడుకవెడ్తవా ఏంది?" అప్పటికే ఆవిడ మూలన గొంగడి పరుస్తోంది. "ఇటు రా. కూసో. గోడకు ఆనుకో."

కూర్చున్నాను. ఆవిడ తన పాత నూలు చీర చింపి, గుడ్లను వరసగా చుట్టి, నా పొట్టకు ఆనించి ఒళ్ళో సర్దింది. పైన ఇంకో గొంగడి కప్పి, అంచులు నా కిందికి దోపింది. అప్పుడర్థమైంది నాకు.

"అత్తమ్మా, నేను కోడినా?"

"ఇయ్యాల్టికి కోడివే. నా ఒంట్ల వేడెక్కడిది ఈ వయసుల? నీది వేడి ఒళ్ళు. కదలకు."

మళ్ళీ ఉరిమింది. ఆవిడ గబగబా వెళ్ళి కొడవలి తెచ్చి నా పక్కన పెట్టింది. పొదుగుకోడి గంపలో ఎప్పుడూ ఒక ఇనుప ముక్క వేస్తుంది ఆవిడ, ఉరుముకు గుడ్లు చెడకుండా. ముసలిదాని గంపలో మేకు, నా పక్కన కొడవలి. మా ఇద్దరికీ తేడా చూపలేదు.

గొంగడి కింద చెమటలు కారిపోయాయి. కాళ్ళు తిమ్మిరెక్కాయి. కొంచెం జరగబోతే, "ఏందా మెసులుడు?" అని గదిమేది. మధ్యాహ్నం రొట్టె తుంపి, పప్పులో అద్ది నోట్లో పెట్టింది. నాకు పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ చేత్తో తినడం అదే మొదలు. డ్యూటీ నుంచి తడిసి వచ్చిన మాణిక్ నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమైంది? జెరమొచ్చిందా? దవాఖానకు పోదమా?"

"లోపలికి రాకు," అంది అత్తమ్మ. "పొదుగు మీదున్నది."

సాయంత్రం కావస్తుండగా నా పొట్టకు ఏదో తగిలింది. గోరుతో మెల్లగా గీకినట్టు. తర్వాత సన్నగా, గొంగడి లోపలి నుంచి, కీచుమని ఒక గొంతు.

"అత్తమ్మా. లోపల అరిసింది."

ఆవిడ వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గొంగడి మీద చెవి ఆనించింది. ఇంకోసారి అరిచింది అది. అత్తమ్మ తల ఎత్తలేదు. నా ఒళ్ళో అలాగే తల పెట్టుకుని, నేను వింటున్నానని తెలిసీ, క్కొ క్కొ క్కొ అంది.

కాసేపటికి కరెంటు వచ్చింది. గుడ్లు డబ్బాలో పెడదామని లేవబోతే, "జర ఆగు, డబ్బా వేడెక్కనీ," అని నన్ను ఇంకో గంట కూర్చోబెట్టింది.

తర్వాతి రెండు రోజులూ మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. అన్నీ రాలేదు. కొన్ని లోపలే పోయాయి. మేమిద్దరం తిప్పిన తిప్పుడుకో, కరెంటుకో, ఇద్దరం ఒకరినొకరం అడగలేదు. వచ్చినవి మాత్రం పెంకు తోసుకుని తడి తడిగా బయటపడి, ఆరాక మెడ ఎత్తాయి. ఒళ్ళంతా నల్లటి నూగు, మెడ బోసి. అన్నిటికీ కాదు గానీ చాలావాటికి. మాపటివేళ కోడికి కళ్ళు సరిగా ఆనని సమయం చూసి, ముసలిదాని సొంత పిల్లల్లో వీటినీ కలిపి రెక్కల కిందికి తోశాం. తెల్లారి అది గంప దిగి అన్నిటినీ వెంటేసుకుని పెరట్లోకి నడిచింది. అత్తమ్మ గుప్పిట్లో జొన్న నూకలు తీసుకుని తలుపు దాటింది. ఈసారి వెనక్కి తేలేదు.

నేను దవాఖాన నుంచి టీకా తెచ్చి పిల్లల కళ్ళలో చుక్కలు వేశాను.

వానాకాలంలో రోగం చిరాగ్‌పల్లికి పోయింది. గ్లోరీ అక్క పెరడు ఖాళీ అయిందని, యాదమ్మవీ పోయాయని తెలిసింది. గ్లోరీ అక్క ఫోను కూడా చేయలేదు. అత్తమ్మ కొన్ని వారాలు ఆగి, అక్కడ సున్నం కొట్టారని కనుక్కుని, ఒకరోజు పొద్దున్నే గంప తెచ్చి నా ముందు పెట్టింది.

"గ్లోరి అడగది. మనమే పోవాలె. కోళ్ళను తియ్యి."

"నువ్వు తియ్యి అత్తమ్మా. ఇచ్చేదానివి నువ్వే గద."

"నావెక్కడివి? నావి ఎండకాలమే పోయినయి. ఇవి నీ కోళ్ళు. నువ్వే ఇయ్యాలె."

నేను గంప నింపాను. చేతికొచ్చినన్ని. లెక్కపెట్టలేదు.

బస్సులో కండక్టర్ మాకు ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్లు ఇచ్చి, గంప వైపు వంగి చూశాడు. అప్పటికి అవి అడుగెత్తు ఎదిగి, మెడలు ఎర్రగా తేలాయి. "కోళ్ళకు లగేజి కొట్టాలె అమ్మా," అంటూ ఆగిపోయాడు. "మెడకు ఈకల్లేవేంది? ఊళ్ళల్ల రోగాలున్నయని తెల్వదా? రోగం కోళ్ళను బస్సెక్కిస్తున్రా?"

ముందు సీట్లో ఇద్దరు కాళ్ళు దగ్గరికి లాక్కున్నారు. బస్సంతా మా వైపు తిరిగింది. అత్తమ్మ కడ్డీ పట్టుకుని లేచి నిలబడింది.

"రోగం గీగం ఏం లేదు. ఇది నా తల్లిగారింటి జాతి. ఊళ్ళకూళ్ళు పోయినా ఇవి బతికినయంటె, నా కోడలు పొదిగింది గనుక బతికినయి."

కండక్టర్‌కు నవ్వొచ్చింది. "మనిషి ఎట్ల పొదుగుతదమ్మా?"

వేరే రోజైతే నేను చున్నీ మొహాన కప్పుకుని కిటికీలోంచి దూకేదాన్ని. ఆ రోజు గంపను ఒళ్ళోకి ఎత్తుకుని, నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాను.

"చిరాగ్‌పల్లి దాక టైమున్నది," అంది అత్తమ్మ, కొంగు దోపుకుంటూ. "గా లగేజి టికెట్ కొట్టి, ఇట్ల కూసో. చెప్త."